ఎక్స్‌రేలో తప్పు కంటపడితే: డాక్టరు కానివారు చేయగలిగింది ఏమిటి?

దక్షిణ బస్తర్ పల్లెల్లో జీలుగు చెట్టును సల్ఫీ అంటారు. పెళ్ళికైనా పండగకైనా సల్ఫీ కల్లు ఉండాల్సిందే. కల్లు దించడానికి చెట్టెక్కిన ఒక యువకుడు కాలుజారి, అరచేయి ఆనించి పడ్డాడనుకుందాం. మణికట్టు వాచింది. బండి దొరికించుకుని సామాజిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. ఎక్స్‌రే తీశారు. బయట యాభై మంది రోగులు కాచుకుని ఉండగా డ్యూటీ డాక్టరు ఫిల్మును ఒక్క క్షణం వెలుతురుకు పెట్టి చూసి, ఎముక విరగలేదని చెప్పి నొప్పి మాత్రలు రాశారు.

ఫిల్ము తీసిన ఎక్స్‌రే టెక్నీషియన్‌కు మాత్రం బొటనవేలి కింది చిన్న ఎముకలో ఒక సన్నటి గీత కనిపించింది. చేయి తిప్పమన్నప్పుడు రోగి సరిగ్గా అక్కడే నొప్పితో మూలిగిన సంగతీ అతనికి గుర్తుంది. కానీ అతను డాక్టరు కాదు. ఊరుకుంటే ఆ యువకుడు రేపే మళ్ళీ చెట్టెక్కవచ్చు. ‘నీ ఎముక విరిగింది, డాక్టరుగారు చూడలేదు’ అని నేరుగా చెబితే, ఆ గీత నిజానికి విరుగుడు కాకపోనూవచ్చు.

ఇది ఊహించిన సన్నివేశమే. అయితే ఎక్స్‌రే యంత్రం ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఇలాంటి సందర్భం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మౌనానికీ తొందరపాటుకూ మధ్య సురక్షితమైన దారి ఒకటుంది. దాని గురించి వైద్య ప్రపంచం నలభై ఏళ్ళుగా నేర్చుకుంటూ వస్తోంది.

నిపుణుల కళ్ళు కూడా తప్పుతాయి

రేడియాలజీలో పొరపాట్లను లెక్కకట్టే ప్రయత్నం కొత్తది కాదు. అమెరికా రేడియాలజిస్టు లియో హెన్రీ గార్లాండ్ 1949లో ఛాతీ ఎక్స్‌రేల మీద ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వ్యాధి ఉన్న ఫిల్ములను అనుభవజ్ఞులకు చూపితే, వాటిలో దాదాపు మూడో వంతులో వారు వ్యాధిని పట్టుకోలేకపోయారు. ఆనాటి వైద్యులను ఇది కలవరపెట్టింది. తర్వాత జరిగిన పరిశోధనలూ ఇంచుమించు ఇదే చెప్పాయి.

రోజువారీ పనిలో మాత్రం పొరపాట్లు 3 నుంచి 5 శాతం వరకు ఉంటాయని సాధారణంగా అంచనా వేస్తారు. రెండు అంకెల మధ్య ఇంత తేడా ఉండటానికి కారణం ఉంది. ఆసుపత్రిలో తీసే ఫిల్ముల్లో ఎక్కువ భాగం మామూలువే. వాటిని మామూలు అని చెప్పడం తేలిక. జబ్బు ఉన్న ఫిల్ములను మాత్రమే విడదీసి లెక్కిస్తే అసలు కష్టం బయటపడుతుంది.

2013లో అమెరికా పరిశోధకులు మరో ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో చిన్న గడ్డలను వెతకమని 24 మంది రేడియాలజిస్టులను కోరారు. వారికి చెప్పకుండా ఒక స్కానులో గొరిల్లా బొమ్మను చేర్చారు. అది వారు వెతుకుతున్న సగటు గడ్డకంటే 48 రెట్లు పెద్దది. అయినా 20 మంది దాన్ని గమనించలేదు. కళ్ళ కదలికలను నమోదు చేసే పరికరం ప్రకారం చూస్తే, వారిలో చాలామంది చూపు సరిగ్గా గొరిల్లా ఉన్న చోటికే వెళ్ళింది. కన్ను చూసినా, వేరేదాన్ని వెతుకుతున్న మనసు దాన్ని పట్టించుకోలేదు.

కాబట్టి ఫిల్ములో ఒకటి తప్పిపోయిందంటే చూసినవారికి చదువు తక్కువనో, బాధ్యత లేదనో అనుకోనక్కర్లేదు. మనిషి చూపు పనిచేసే తీరే అంత. ఈ సంగతి మనసులో ఉంటే తప్పును గమనించినవారు చెప్పే మాటలో నింద ఉండదు, విన్నవారికి అవమానమూ ఉండదు.

తప్పు ఎక్కడెక్కడ పుడుతుంది?

రేడియాలజీ పొరపాట్లలో పెద్ద భాగం అసలు చూడకపోవడం వల్ల జరిగేవి. చూసి కూడా వేరే అర్థం చెప్పుకోవడం వల్ల జరిగేవి వాటికంటే తక్కువ. ఒక సమస్య దొరకగానే వెతకడం ఆపేయడం ఇంకో సాధారణ కారణం. పక్కటెముక విరుగుడు కనిపించగానే తృప్తిపడితే, అదే ఫిల్ములో ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి దృష్టికి రాకపోవచ్చు.

శరీరంలో కొన్ని చోట్లు చూపును మోసం చేస్తాయి. ఛాతీ ఫిల్ములో కాలర్ ఎముక వెనుక దాగే ఊపిరితిత్తుల పైకొన, గుండె నీడ వెనుక భాగం, డయాఫ్రం కింది అంచు అలాంటివి. క్షయ తరచుగా ఊపిరితిత్తుల పైభాగంలోనే మొదలవుతుంది కనుక మొదటి చోటు మన దేశంలో మరీ ముఖ్యం.

మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముకది మరో కథ. అరచేయి ఆనించి పడ్డప్పుడు విరిగే ఈ చిన్న ఎముకలోని గీత మొదటి రోజు ఫిల్ములో కనిపించకపోవచ్చు కూడా. ఈ ఎముకకు రక్తం వేళ్ళ వైపు నుంచి మోచేతి వైపుకు ప్రవహిస్తుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం ఉంది. అప్పుడు ఎముక అతకదు. కొన్నేళ్ళకు మణికట్టు అరిగి, పట్టు తగ్గిపోతుంది. చేతి కష్టం మీద బతికే మనిషికి అది జీవనోపాధికే దెబ్బ. అందుకే ఆ చోట నొక్కితే నొప్పి ఉన్నప్పుడు, ఫిల్ము బాగానే ఉన్నా కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

చూపుతో సంబంధం లేని తప్పులూ ఉన్నాయి. ఒకరి పేరుతో మరొకరి ఫిల్ము రావడం, కుడి ఎడమ గుర్తులు తారుమారవడం, రోగి కాస్త తిరిగి నిలబడటంతో గుండె పెద్దదిగా కనిపించడం, ఎక్స్‌రే చీటీ మీద జబ్బు వివరం రాయకపోవడం, రిపోర్టు సరిగ్గానే వచ్చినా చికిత్స చేసే డాక్టరుకు అందకపోవడం వంటివి. అమెరికా జాతీయ అకాడమీలు 2015లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, రోగి ఆరోగ్య సమస్యకు సరైన, సకాలపు వివరణ కనుక్కోలేకపోవడమే కాదు, కనుక్కున్న వివరణను రోగికి చేర్చలేకపోవడం కూడా రోగనిర్ధారణ తప్పే.

బస్తర్‌లో ఒక్క ఫిల్ము విలువ

ఒకప్పటి బస్తర్ జిల్లా విస్తీర్ణం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. 1998 నుంచి విడిపోతూ వచ్చి ఇప్పుడు అది బస్తర్, దంతెవాడ, కాంకేర్, బీజాపూర్, నారాయణ్‌పూర్, సుక్మా, కొండగావ్ అనే ఏడు జిల్లాలుగా ఉంది. ఈ ప్రాంతపు వైద్య కళాశాల 2006లో జగ్‌దల్‌పూర్‌లో మొదలైంది. దక్షిణాన శబరి ఒడ్డున ఉన్న కుంట నుంచి జగ్‌దల్‌పూర్‌కు 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కుంట దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. అందుకే ఈ వైపు గిరిజనులు, తెలుగు కుటుంబాలు వైద్యం కోసం భద్రాచలం రావడం మామూలే. బైలాడిలా ఇనుప గనుల వైపు నుంచి రైలుమార్గం నేరుగా విశాఖపట్నం వైపు దిగుతుంది.

ఇంత దూరాల మధ్య ఒక రోగి ఆసుపత్రికి రావడమంటే ఒక రోజు కూలీ, బండి కిరాయి, తోడు వచ్చిన మనిషి కూలీ అన్నీ పోయినట్టు. ‘ఏమీ లేదు’ అని విని ఇంటికి వెళ్ళిన మనిషిని రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి పిలవడం నగరంలో తేలిక. సిగ్నలు అందని ఊళ్ళో అది జరగని పని కావచ్చు. తప్పు దిద్దుకోవడానికి మంచి సమయం రోగి ఇంకా ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉన్నప్పుడే.

వైద్యులు కానివారి మీద ఆధారపడటం ఛత్తీస్‌గఢ్‌కు కొత్త కాదు. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాదే, 2001లో, గ్రామీణ ప్రాంతాల కోసం మూడేళ్ళ వైద్య కోర్సుకు చట్టం చేశారు. అది చదివినవారు రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేరారు. మామూలు జబ్బుల చికిత్సలో వీరి సామర్థ్యం ఎంబీబీఎస్ వైద్యులకు దగ్గరగానే ఉందని తర్వాతి అధ్యయనంలో తేలింది. 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం దేశవ్యాప్త ఆశా పథకానికి దారి చూపినవాటిలో ఒకటి. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో స్నేహితురాలు. ఎక్స్‌రే టెక్నీషియన్, నర్సు, రూరల్ మెడికల్ అసిస్టెంట్, మితానిన్ — రోగి ప్రయాణంలో వీరందరూ ఏదో ఒక మలుపులో ఉంటారు. డాక్టరుకు కనిపించనిది వీరిలో ఒకరికి కనిపించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

టెక్నీషియన్ సంగతి మరీ ప్రత్యేకం. దూరాన కూర్చుని రిపోర్టు రాసే రేడియాలజిస్టు ముందు బొమ్మ మాత్రమే ఉంటుంది. టెక్నీషియన్ ముందు మనిషి ఉంటాడు. ఎలా పడ్డాడో, ఎక్కడ ముట్టుకుంటే అరిచాడో, ఊపిరి ఎలా తీస్తున్నాడో అతనికి తెలుసు. ఫిల్మును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపే చోట ఈ సమాచారం విలువ ఇంకా పెరుగుతుంది. అలా పంపిన ఫొటోలో సన్నటి గీతలు మాసిపోవచ్చు.

ఎర్ర చుక్క చెప్పిన పాఠం

ఈ సమాచారాన్ని వాడుకునే ఒక చిన్న పద్ధతిని బ్రిటన్‌లో కనుగొన్నారు. అత్యవసర విభాగానికి వచ్చే ఫిల్ముల్లో ఏదైనా తేడాగా అనిపిస్తే రేడియోగ్రాఫర్ దాని మీద ఒక ఎర్ర చుక్క అంటించాలి. జబ్బు పేరు రాయనక్కర్లేదు. చుక్క ఉన్న ఫిల్మును డాక్టరు మరోసారి నిదానంగా చూడాలి. అత్యవసర విభాగంలో తప్పులు తగ్గించడానికి ఇది తోడ్పడుతుందని 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం తెలిపింది. తర్వాత చాలా ఆసుపత్రులు దీన్ని అనుసరించాయి.

ఎర్ర చుక్క ఎందుకు పనిచేస్తుందో, దాని హద్దు ఎక్కడో ఒక మాదిరి లెక్కతో తెలుసుకోవచ్చు. 1,000 ఫిల్ములు వచ్చాయని, వాటిలో 20 మందికి నిజంగా సమస్య ఉందని అనుకుందాం. డాక్టరు వాటిలో 16 పట్టుకుని 4 వదిలేశారు. టెక్నీషియన్ సమస్య ఉన్న ఫిల్ముల్లో నాలుగింట మూడు వంతులను గుర్తిస్తాడు. మామూలు ఫిల్ముల్లో 5 శాతాన్ని కూడా పొరపాటున అనుమానిస్తాడు. అప్పుడు అతను అంటించే చుక్కలు 64. వాటిలో 15 నిజమైనవి, 49 కానివి. ఇద్దరి పొరపాట్లకూ సంబంధం లేదనుకుంటే, డాక్టరు వదిలేసిన నలుగురిలో ముగ్గురు బయటపడతారు.

ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. చుక్కను ‘మరోసారి చూడండి’ అనే విన్నపంగా తీసుకుంటే, 64 ఫిల్ములను ఇంకోసారి చూసినందుకు ముగ్గురికి మేలు జరిగింది. అందుకు పట్టేది కొద్ది సమయమే. అదే చుక్కను రోగనిర్ధారణగా తీసుకుని రోగులకు చెప్పేస్తే, 49 మంది లేని జబ్బుకు భయపడతారు. పరిశీలన ఒకటే అయినా, అది ఎవరి దగ్గరకు ఏ రూపంలో చేరిందన్న దాన్ని బట్టి మేలో కీడో అవుతుంది.

నిజ జీవితంలో ఫలితం ఈ లెక్కంత బాగుండకపోవచ్చు. డాక్టరుకు కష్టమైన ఫిల్ము టెక్నీషియన్‌కూ కష్టమే కావచ్చు కనుక ఇద్దరూ ఒకే చోట తప్పే అవకాశం ఉంది. ఇంకో ఇబ్బందీ బయటపడింది. చుక్క లేకపోతే దానర్థం ఏమిటి? ఫిల్ము మామూలుగా ఉందనా, లేక టెక్నీషియన్‌కు ఆ రోజు తీరిక లేదనా? ఈ సందిగ్ధం వల్లే బ్రిటన్ రేడియోగ్రాఫర్ల సంఘం 2013 నాటికి చుక్కకు బదులు ఒకటి రెండు వాక్యాల వ్యాఖ్య రాసే పద్ధతిని ప్రోత్సహించింది. ప్రత్యేక శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు పూర్తి రిపోర్టులు రాయడం అక్కడ 1990ల నుంచే ఉంది. భారతదేశంలో మాత్రం రోగనిర్ధారణ చేసి సంతకం పెట్టే అధికారం రిజిస్టరయిన వైద్యులదే. ఎక్స్‌రే, ఇమేజింగ్ టెక్నాలజీ వృత్తులను 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తన పరిధిలోకి తెచ్చింది. రిపోర్టు రాయడం టెక్నీషియన్ పని కాదు. అనుమానాన్ని డాక్టరు దృష్టికి తేవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గమనించిన తర్వాత వరుసగా చేయవలసినవి

మొదట తన పనిని తాను సరిచూసుకోవాలి. ఫిల్ము మీద పేరు, వయసు, తేదీ ఈ రోగివేనా? కుడి ఎడమ గుర్తు సరిగ్గా ఉందా? రోగి కదిలాడా, తిరిగి నిలబడ్డాడా? పాత ఫిల్ము ఉంటే అందులోనూ ఇదే నీడ ఉందా? అనుమానాల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. పేరో వైపో మారితే దిద్దడం పూర్తిగా టెక్నీషియన్ బాధ్యతే. అయితే దిద్దిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. తనంతట తాను మళ్ళీ ఎక్స్‌రే తీయకూడదు. రేడియేషన్ తక్కువే అయినా దానికి వైద్య కారణం ఉండాలి.

రెండోది, ఎంత తొందరో తేల్చుకోవడం. కొన్ని నిమిషాల మీద నడుస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గుండె పక్కకు జరగడం, డయాఫ్రం కింద గాలి కనిపించడం, మెడ ఎముక పక్కకు తప్పడం అలాంటివి. పిల్లల గొంతులో ఇరుక్కున్న బిళ్ళ నాణెం కాక బటన్ బ్యాటరీ కావచ్చు. బ్యాటరీ అయితే దాని అంచు ఫిల్ములో జంట వలయంగా కనిపిస్తుంది. అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఇలాంటప్పుడు చీటీ రాసి పంపడం సరిపోదు, లేచి వెళ్ళి డాక్టరుకు చెప్పాలి. స్కాఫాయిడ్ అనుమానం రోగి ఆసుపత్రి వదిలేలోపు తేలాలి. ఊపిరితిత్తిలో చిన్న నీడ అయితే ఆ రోజులోగా డాక్టరు దృష్టికి రావాలి.

మూడోది, చెప్పే తీరు. అమెరికా నావికాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి, తర్వాత ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. అందులో నాలుగు మెట్లు: ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని వెనుక కథ ఏమిటి, తనకు ఏమనిపిస్తోంది, ఏం చేస్తే బాగుంటుంది. మణికట్టు రోగి విషయంలో అది ఇలా ఉండవచ్చు:

“సార్, ఎక్స్‌రే గది నుంచి మాట్లాడుతున్నా. ఇందాక మీరు చూసిన మణికట్టు ఫిల్ము గురించి. మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. చెట్టు మీంచి అరచేయి ఆనించి పడ్డాడట. బొటనవేలి కింద గుంటలో ముట్టుకోనివ్వడం లేదు. స్కాఫాయిడ్ మీద సన్నగీత ఉన్నట్టు అనిపించింది, నాకు ఖాయంగా తెలియదు. ఒక్కసారి చూస్తారా సార్? స్కాఫాయిడ్ వ్యూ తీయమంటే ఇప్పుడే తీస్తాను.”

ఇందులో డాక్టరు తప్పు చేశారన్న మాట ఎక్కడా లేదు. రోగి నుంచి తెలిసిన కొత్త సమాచారం ఉంది. అనుమానం ఎంతవరకో స్పష్టంగా ఉంది. డాక్టరు వెంటనే చేయగలిగిన పని ఉంది. చేతిని చిటికెన వేలి వైపు వంచి తీసే ఆ ప్రత్యేక ఫిల్ములో స్కాఫాయిడ్ నిడివిగా కనిపిస్తుంది. నిర్ణయం డాక్టరు చేతుల్లోనే ఉంటుంది.

నాలుగోది, రాసి పెట్టడం. ఎక్స్‌రే రిజిస్టరులో సమయం, ఏం గమనించింది, ఎవరికి చెప్పింది, వారేమన్నారు అన్నవి రెండు వరుసల్లో రాస్తే చాలు. ‘డాక్టరు చూడలేదు’ వంటి వ్యాఖ్యలు అందులో ఉండకూడదు. షిఫ్టు మారినా విషయం మరుగున పడకుండా ఈ రాత కాపాడుతుంది.

డాక్టరు వినకపోతే? కింది ఉద్యోగి పైవారికి ఎదురు చెప్పడం ఎక్కడైనా కష్టమే. మన ఆసుపత్రుల్లో ‘సార్’ అన్న పిలుపులోనే ఆ దూరం ఉంది. అమెరికాలో రూపొందిన ఒక జట్టు శిక్షణ కార్యక్రమం దీనికి ఒక నియమం పెట్టింది. మొదటిసారి చెప్పింది పట్టించుకోకపోతే రెండోసారి, ఇంకాస్త స్పష్టంగా, తప్పక చెప్పాలి. “సార్, నాకు ఆందోళనగానే ఉంది. ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం” అనవచ్చు. అప్పటికీ కుదరకపోతే ఆసుపత్రి ఇన్‌చార్జి వైద్యాధికారికో, రిపోర్టు రాసే రేడియాలజిస్టుకో తెలపాలి. డాక్టరు మళ్ళీ చూసి, కారణం చెప్పి, మొదటి మాటే నిలబెట్టుకున్నా నష్టం లేదు. రెండోసారి చూడటమే ఇక్కడ కావలసింది.

రోగికి ఏం చెప్పాలి?

రోగి అడిగే మొదటి మాట ‘ఏమైనా విరిగిందా?’ అన్నదే. టెక్నీషియన్ జవాబులో అబద్ధం ఉండకూడదు, నిర్ధారణా ఉండకూడదు. “అన్నా, డాక్టరుగారు ఈ ఫిల్ము ఇంకోసారి చూడాలి. అప్పటిదాకా వెళ్ళకు. ఈ చెయ్యి ఆడించకు” అంటే చాలు. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడేవారికి వారి భాషలో చెప్పగల మనిషి పక్కనుంటే ఇంకా మంచిది. ‘ఏం లేదులే’ అని ఓదార్చడం కూడా ఒక రకంగా నిర్ధారణ చేయడమే. అది విని వెళ్ళిపోయిన మనిషి తిరిగి రాడు.

రోగులకూ కుటుంబాలకూ కొన్ని హక్కులున్నాయి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. రికార్డులు పొందడం, మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉన్నాయి. కుంట నుంచి భద్రాచలం వచ్చేవారు పాత ఫిల్ము, రిపోర్టు రెండూ వెంట తెచ్చుకోవాలి. నీడ కొత్తదా పాతదా అన్న ప్రశ్నకు పాత ఫిల్మును మించిన జవాబు లేదు. ఇంటికి వచ్చాక నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంటే, రిపోర్టులో ఏమున్నా మళ్ళీ చూపించుకోవాలి. ఈ తేడాను ముందుగా గమనించేది చాలాసార్లు ఇంటివారో మితానినో అవుతారు.

ఎక్స్‌రే చీటీ నింపేవారు కూడా తప్పును ముందే ఆపగలరు. రోగికి సికిల్ సెల్ ఉంటే ఆ ఒక్క మాట చీటీ మీద ఉండాలి. మధ్య భారత గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే ఈ రక్తవ్యాధిలో ఎముకకు రక్తం అందక వచ్చే మార్పులు, ఎముకలో చీము పట్టినప్పటి మార్పులు ఫిల్ములో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. రాళ్ళ క్రషర్లలో, గనుల్లో పనిచేసినవారని తెలిస్తే, ఊపిరితిత్తుల్లోని చుక్కలు క్షయవా, ధూళివా అన్న ఆలోచన రిపోర్టు రాసేవారికి తడుతుంది.

క్షయ ఫిల్ములు, యంత్రం చూపు

2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ సర్వేలో, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాల మీదే ఆధారపడి ఉంటే 42.6 శాతం రోగులు తప్పిపోయేవారని తేలింది. అందుకే 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత పట్టుకుని తిరిగే ఎక్స్‌రే యంత్రాలకు పెద్దపీట వేశారు. ఫిల్మును కంప్యూటరే చదివి అనుమానపు స్థాయిని అంకెలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. 15 ఏళ్ళు, ఆపై వయసువారికే ఈ సిఫారసు వర్తిస్తుంది.

ఇక్కడ యంత్రం కూడా ఎర్ర చుక్క లాంటిదే. అది అనుమానాన్ని చెబుతుంది, నిర్ధారణ చేయదు. పాత క్షయ మచ్చకూ అది గంట మోగించవచ్చు, కొత్త క్షయను వదిలేయనూవచ్చు. యంత్రం ‘మామూలు’ అన్న ఫిల్ములో టెక్నీషియన్‌కు పైకొనలో నీడ కనిపిస్తే, రోగి రెండు వారాలుగా దగ్గుతుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. క్షయ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఫిల్ము మీద వాదన పెట్టుకోనక్కర్లేకుండా కళ్ళె నమూనాను ట్రూనాట్, సీబీనాట్ వంటి పరీక్షలకు పంపితే క్రిమి ఉనికి తేలుతుంది. తొలి పరీక్షలో తేలకపోయినా అనుమానం బలంగా ఉంటే డాక్టరు మళ్ళీ పరీక్షించవచ్చు.

తప్పు బయటపడ్డాక

తప్పు దొరికిన రోజున ఎవరో ఒకరిని మందలించి వదిలేస్తే, తర్వాతి తప్పు మౌనంలో దాక్కుంటుంది. బ్రిటన్‌లో రేడియాలజిస్టులు క్రమం తప్పకుండా సమావేశమై, పేర్లు చెప్పకుండా తప్పిపోయిన ఫిల్ములను కలిసి చూసి నేర్చుకుంటారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2018–2025 కాలానికి రూపొందించిన జాతీయ రోగి భద్రతా ప్రణాళికలోనూ తప్పులను నివేదించే సంస్కృతికి చోటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరు 17న జరిపిన రోగి భద్రతా దినోత్సవానికి రోగనిర్ధారణను మెరుగుపరచడాన్నే అంశంగా ఎంచుకుంది.

చిన్న ఆసుపత్రిలో దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. నెలకొకసారి డాక్టరు, టెక్నీషియన్, నర్సు కలిసి రిజిస్టరులో రాసుకున్న నాలుగైదు ఫిల్ములు చూస్తే చాలు. తన అనుమానాల్లో ఏది నిజమైందో, ఏది కాలేదో తెలిస్తేనే టెక్నీషియన్ చూపు పదునెక్కుతుంది. ఆ కబురు అందకపోతే పదేళ్ళ అనుభవం ఉన్నా నేర్చుకునేది తక్కువే.

మణికట్టు యువకుడి విషయానికి వస్తే, ఫోన్ అందుకున్న డాక్టరు వచ్చి గుంటలో నొక్కి చూశారనుకుందాం. కొత్త ఫిల్ములోనూ ఆ గీత విరుగుడో కాదో స్పష్టంగా తేలకపోవచ్చు. అయినా నొప్పి ఉన్న చోటు చాలు. బొటనవేలిని కలిపి కట్టు వేసి, రెండు వారాల తర్వాత రమ్మంటారు. అప్పటి ఎక్స్‌రేలో విరుగుడు తేలితే ఇంకొన్ని వారాలు కట్టు ఉంచుతారు, అవసరమైతే జగ్‌దల్‌పూర్‌కో, భద్రాచలానికో ఎముకల డాక్టరు దగ్గరకు పంపుతారు. విరుగుడు లేదని తేలితే అతనికి పోయింది రెండు వారాల పని. ఉన్నదాన్ని లేదనుకుని పంపితే పోయేది చెయ్యి.